కడగని ఫ్లాస్కు

మా ఎదురింటావిడను వీధంతా నిదానమ్మ అంటుంది. మెట్లెక్కినా, మాటకు జవాబిచ్చినా ఒకటే నడక. పద్దెనిమిదేళ్లు గుండీల ఫ్యాక్టరీలో చేసింది. అది మూతపడ్డాక ఆరు నెలలు కనిపించిన గడపల్లా ఎక్కింది. యాభై దాటాయని నాలుగు చోట్ల పొమ్మన్నారు. చివరికి ఒక రసాయన పరిశోధన ల్యాబులో గాజుసామాను కడిగే పని దొరికింది. అదీ వారం పని చూసి, నచ్చితేనే ఉంచుకుంటామన్నారు. ఏ రోజు సామాను ఆ రోజే కడగాలి. ఒక్కటి మిగిల్చినా ఇంటికే.

సోమవారం సాయంత్రం మా గుమ్మం మెట్ల మీద కూలబడింది.

"ఏం నేర్పారే?" అన్నాను.

"గిన్నెలు తోమడం వదినా. ఇన్నేళ్లూ నేను తోమింది తోమడమే కాదట."

కూపీ లాగితే విషయం తేలింది. ఫ్లాస్కులు కడిగి, అలవాటు కొద్దీ పొడిగుడ్డతో తళతళలాడేలా తుడిచింది. అక్కడ పరిశోధన చేసే కళ్లద్దాల పిల్ల వాటిని వెలుతురుకు పట్టి చూసి, అన్నింటినీ వెనక్కి పంపింది. గుడ్డ వదిలిన ఒక్క నూలుపోగు చాలట, వాళ్ల పని పాడవడానికి. ముందు సబ్బు, తర్వాత కుళాయి నీళ్లు, ఆపైన స్వేదనజలం మూడుసార్లు, చివర తడి ఆర్చే అసిటోను. గుడ్డ తగలకూడదు. లోపల నీళ్లు చుక్కలుగా నిలిస్తే మురికి ఉన్నట్టు, పలచని పొరలా జారితే పోయినట్టు.

"కంటికి మెరిస్తే చాలదా?"

"కన్ను అబద్ధమాడుతుందట. నీళ్లు ఆడవట."

మంగళవారానికి రబ్బరు తొడుగుల్లో నానిపోయి చేతులు తెల్లబడ్డాయి. బుధవారం మోకాళ్లు మొరాయించాయి. గురువారం నేను అడక్కుండానే నోరు విప్పింది. అప్పుడే అనుకున్నాను, ఏదో ఉందని.

"నిన్న చివరి ఫ్లాస్కు కడగలేదు వదినా. మెడ దగ్గర తెల్లగా ఏదో అట్టకట్టింది, బ్రష్షుకు రాలేదు. నిలబడలేక, సామాను కడిగే తొట్టి కింద దాచాను. ఇవాళ తీద్దామంటే ఒక్క క్షణమైనా ఆ గది ఖాళీ అవలేదు."

"రేపు అందరికంటే ముందెళ్లి కడిగెయ్. ఎవరికీ తెలీదు," అన్నాను.

నా మాట మీద శుక్రవారం పొద్దున్నే వెళ్లింది. ఫ్లాస్కు బయటికి తీసి, బ్రష్షు పట్టుకునేసరికి ఎవరో వచ్చి పక్కబల్ల దగ్గర మాట్లాడుకోవడం వినబడింది. కళ్లద్దాల పిల్ల తన పెద్ద మేడంతో నీరసంగా చెబుతోంది: ఈసారి చేసిన మందు రెండు రోజులుగా జిగటగానే ఉంది, గట్టిపడటం లేదు. ఇంతకుముందు చేసిన ఇదే మందు పొడి ఒక్క రేణువు వేస్తే, దాన్ని పట్టుకుని మిగతాదీ పొడిగా మారుతుంది. కానీ పాతదంతా పరీక్షలకు పంపేశారు. బుధవారం ఆ పాత పొడి తీసిన ఫ్లాస్కులన్నీ కడిగేశారు.

పాలు కాచి పెట్టుకుని, తోడెయ్యడానికి ఇంట్లో పెరుగుచుక్క లేనట్టన్నమాట.

నిదానమ్మ బ్రష్షు కింద పెట్టింది. కడిగేస్తే ఉద్యోగం నిలుస్తుంది. చూపిస్తే పోతుంది. ఎంతసేపు నిలబడిందో చెప్పలేదు. ఆమె సంగతి తెలుసు గనుక చాలాసేపే అయ్యుంటుంది. తర్వాత ఫ్లాస్కు తీసుకెళ్లి వాళ్ల ముందు పెట్టింది.

"ఇది బుధవారంది, కడగలేదమ్మా."

ఆ పిల్ల ఫ్లాస్కు మెడ దగ్గరి పొడి గీకి, జిగట మందులో చిటికెడు రాల్చింది. మధ్యాహ్నానికి సీసా అడుగంతా తెల్లగా పేరుకుంది.

శనివారం రోజూకంటే ఆలస్యంగా వచ్చింది.

"తేల్చారా?" అన్నాను, ఆమె కూర్చోకముందే.

"మిగిల్చినందుకు ఇంకో వారం చూస్తారట."

"అంత మేలు చేస్తే ఇదా? మెచ్చుకోనైనా మెచ్చుకోలేదూ?"

నిదానమ్మ మోకాళ్లు రాసుకుంటూ ఆలోచించింది.

"తొట్టి దగ్గర స్టూలు వేయించారు వదినా," అంది.