పాటల పార్కులో మా నాన్న

తెనాలి ఊరి బయట, చేబ్రోలు వెళ్లే రోడ్డు పక్కన, పాటల పార్కు అని ఒకటి తెరిచారు. తొంభైల మొదట్లో మాట. ఒక రైసుమిల్లు ఆసామి ఏ దేశమో చూసొచ్చి, మాగాణి పూడ్పించి మరీ కట్టించాడని చెప్పుకునేవాళ్లు. నాలుగేళ్లు కూడా నడవలేదనుకోండి. కానీ తెరిచిన కొత్తల్లో ఆ సందడే వేరు. అప్పుడు నేను బాపట్లలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాను. పార్కు చూసొచ్చిన పిల్లలు చూడనివాళ్లతో మాట్లాడ్డమే దండగ అన్నట్టు తిరిగేవాళ్లు. కాలు పెడితే రాయి సరిగమలు పలుకుతుందట. పాటకి తగ్గట్టు నీళ్లు ఎగురుతాయట. పెద్ద డోలులో కూర్చోబెట్టి గిరగిరా తిప్పుతారట. ఆ కబుర్లు మొదలైతే నాకు ఒళ్లు మండేది. పుస్తకం పట్టుకుని డాబా మీదికి పోయేదాన్ని. ఆ పార్కులో మా నాన్న పనిచేస్తున్నాడు.

ఈ సంగతి హాస్టల్లో ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడి కాదు. చెబితే అక్కడికి ఎందుకు వెళ్లాడని అడుగుతారు. అది చెప్పాలంటే మా అన్న సంగతి చెప్పాలి.

మాది రేపల్లె అవతల సముద్రం ఒడ్డున చిన్న పల్లె. మా నాన్న అలివి వల దగ్గర పాట ఎత్తేవాడు. అలివి వల చాలా పెద్దది. పడవ మీద తీసుకెళ్లి సముద్రంలో చుట్టూ దించొస్తే, ఒడ్డున రెండు జట్లుగా నిలబడి రెండు వైపుల తాళ్లూ పట్టి లాగుతారు. అంతమంది ఒక్కసారిగా బరువు వెయ్యాలంటే ఒకరు పాట ఎత్తాలి, మిగతావాళ్లు అందుకోవాలి. నాన్నది బొంగురు గొంతు. ఏ కచేరీలోనో అయితే మధ్యలో దించేసేవాళ్లు. కానీ గాలికి ఎదురుగా నిలబడి ఆయన ఎత్తితే అవతలి జట్టుదాకా స్పష్టంగా వినబడేది. మాటలు అప్పటికప్పుడే కట్టేవాడు. ఎవడు నిద్రమొహంతో వచ్చాడో, ఎవడి పెళ్లాం అలిగి పుట్టింటికి వెళ్లిందో, అన్నీ పాటలో పడేవి. నేను లెక్కల్లో తప్పానన్న సంగతి కూడా మా పల్లెకి అలాగే తెలిసింది. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఒక్క వల మాత్రం మా పల్లెలో పాట లేకుండా లాగుతారు. సముద్రంలో పోయినవాళ్ల కోసం వేసే వల అది. అందులో చేప పడినా నీళ్లలో వదిలేస్తారు. లాగినంతసేపూ ఎవరూ నోరు విప్పరు. ఆ వల లాగారంటే ఆ మనిషి ఇక లేడని పల్లె ఒప్పుకున్నట్టు. ఆ తర్వాతే ఇంట్లో దినం చేస్తారు.

మా అన్నకి పంతొమ్మిదేళ్లు. ఇంకో ఇద్దరితో కలిసి వేటకి వెళ్లాడు. ఆ రాత్రి గాలి లేచింది. రెండు రోజుల తర్వాత ఆ ఇద్దరూ ప్రాణాలతో సూర్యలంక వైపు ఒడ్డుకి కొట్టుకొచ్చారు. అన్న రాలేదు. నాలుగో రోజు పెద్దలు వల తెచ్చి ఇసకలో పోశారు. దాన్ని పడవలోకి ఎక్కించబోతుంటే నాన్న వెళ్లి ఆ వల కుప్ప మీద కూర్చున్నాడు.

"మా వోడు ఈతగాడు. ఏ పెద్ద పడవోళ్లో ఎక్కించుకునుంటారు. మద్రాసో, ఒరిస్సానో, ఏదో ఒడ్డున ఉన్నాడు. ఉన్నోడికి ఈ వల ఎయ్యనియ్యను" అన్నాడు.

పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా అలాగే కూర్చున్నాడు. బతిమాలారు, తిట్టారు, ఒకాయన చెయ్యి పట్టుకుని లాగాడు కూడా. చివరికి పాట ఎత్తే మనిషిని కాదని వల దించడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు.

అక్కడినుంచి మా ఇంట్లో పోరు మొదలైంది. అమ్మకి దినం చెయ్యాలి. "వాడు ఆకలితో తిరుగుతుంటాడు మావా, ఇంత ముద్ద పెట్టనియ్" అనేది. నాన్న "ఆకలైతే ఎవరో పెడతారులే, చేతులూ కాళ్లూ ఉన్నోడు" అనేవాడు. సెలవులకి ఇంటికెళ్తే అన్నం దగ్గర అదే, పడుకునేముందు అదే. నాకు తల బద్దలైపోయేది. ఎప్పుడెప్పుడు బాపట్ల వెళ్లిపోదామా అని చూసేదాన్ని. నా దుఃఖానికి ఆ ఇంట్లో చోటు లేదని కోపంగా కూడా ఉండేది. అన్న నాకూ అన్నే కదా.

అలాంటప్పుడు పాటల పార్కు మేనేజరు మా ఒడ్డుకొచ్చాడు. పార్కులో పనిపాటల వీధి అని పెడుతున్నారట, వల లాగుతూ పాడేవాళ్లు కావాలట. అందరికంటే ముందు మా నాన్న లేచాడు. సముద్రం వదిలి ఒక్క రాత్రి ఎక్కడా ఉండని మనిషి, ఇంకో ఐదుగురిని వెంటబెట్టుకుని తెనాలి వెళ్లిపోయాడు. ఒడ్డున ఉండలేకనే పోయాడని నేననుకున్నాను. అమ్మ మాత్రం దినం తప్పించుకోడానికి పోయాడంది.

అన్న వేటకి వెళ్లి ఏడాది దగ్గర పడుతోందనగా అమ్మ కబురు పెట్టింది, ఇద్దరం వెళ్లి నాన్నని ఇంటికి తెచ్చుకుందామని. తను రేపల్లె నుంచి ప్యాసింజర్లో వచ్చింది, నేను బాపట్ల నుంచి వచ్చాను. తెనాలి స్టేషన్లో కలుసుకుని రిక్షా ఎక్కాం. అమ్మ పెట్టెలో దాచుకునే చీర కట్టుకుంది. పార్కుకి అందరూ అలాగే వస్తారని ఎవరో చెప్పారట.

గేటు దగ్గర సిమెంటుతో చేసిన వీణలు రెండు, తాటిచెట్టంత ఎత్తున ఎదురెదురుగా నిలబెట్టారు. వాటి కిందనుంచి లోపలికి పోవాలి. లోపల పుట్టగొడుగుల్లాంటి బొమ్మలున్నాయి. వాటి కడుపులో స్పీకర్లు. ఒకదాంట్లో సన్నాయి, నాలుగడుగులు వేస్తే ఇంకోదాంట్లో సినిమా పాట, రెంటికీ మధ్య నిలబడితే ఏదీ అర్థం కాదు. కొత్తగా పెళ్లైన జంటలు వీణ ముందు ఫోటోలు దిగుతున్నారు. ఏదో చర్చి ఆదివారం బడి పిల్లలు సరిగమల రాళ్ల మీద వరసగా గెంతుతున్నారు. వాళ్ల టీచరు "ఒక్కొక్కరే వెళ్లండమ్మా" అని మొత్తుకుంటోంది. అమ్మ తెలియక ఒక రాయి మీద కాలు వేసింది. అది కుయ్యిమంది. అమ్మ ఉలిక్కిపడి పక్కకి గెంతి, "అయ్యో, దేన్నో తొక్కానే" అంది. నేను ఎంత చెప్పినా వినకుండా మిగతా దారంతా గడ్డిలోనే నడిచింది. నాకు నవ్వొచ్చింది. ఏడాదిలో అదే మొదటిసారి.

పనిపాటల వీధి పార్కుకి చివర్న ఉంది. పెంకుటి చావిళ్లలాగా వరసగా కట్టారు. ఒకదాంట్లో ఇద్దరాడవాళ్లు రోకళ్లతో దంచుతూ పాడుతున్నారు. రోట్లో వడ్లు మాత్రం లేవు. ఒకదాంట్లో చీరాల నుంచి వచ్చిన పెద్దాయన మగ్గం మీద కూర్చున్నాడు. ఆ తర్వాత మా సముద్రం. నీలం రంగు వేసిన సిమెంటు తొట్టి, మోకాటి లోతు నీళ్లు, అంచు మీద నోరు తెరిచిన సిమెంటు చేపలు. గట్టు మీద మా వాళ్లు ఆరుగురు, అందరికీ ఒకే పసుపు తలపాగాలు. నాన్నని గుర్తుపట్టడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

తాడు చివర ఇసకబస్తాలు కట్టారు. మొదట్లో ఒట్టి తాడే ఇచ్చారట. ఖాళీ తాడు పట్టుకుంటే పాట రాదండి, బరువు కావాలండి అని నాన్న మేనేజరుతో పేచీ పెట్టుకుని బస్తాలు కట్టించాడట. ఆ బస్తాల్ని రెండు గజాలు లాగి వదిలెయ్యడం, మళ్లీ లాగడం.

గంట కొట్టారు. జనం మూగారు. నాన్న ఎత్తాడు.

"లాగర లాగర చిన్నోడా, ఓలేలో
ఏ ఒడ్డున తేలావు, ఓలేలో
తెనాల్లోనే ఉన్నారా, ఓలేలో
తెలిసినోళ్లని అడగరా, ఓలేలో"

అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కన నిలబడ్డ ఒకావిడ, "ఎంత హుషారుగా పాడుతున్నాడో చూడండి" అని వాళ్లాయనతో అంది.  నాన్న తాడు చూడ్డం లేదు, నీళ్లు చూడ్డం లేదు. గుంపులో మొహాలు చూస్తున్నాడు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక్కొక్కటే చూసుకుంటూ పోతున్నాడు. మా దగ్గరికొచ్చేసరికి ఆగి, అమ్మని చూసి నవ్వి, మళ్లీ మిగతావాళ్లని చూశాడు.

ఆట అయ్యాక చావిడి వెనక కూర్చున్నాం. ఎక్కడినుంచో విస్తరాకులో ఇడ్లీలు తెచ్చి మా ముందు పెట్టాడు. అమ్మ ఇంటికి రమ్మంది. ఏడాది దాటకుండా కార్యం చెయ్యాలంది.

"ఇప్పుడెట్టా వస్తానే? జనాన్ని చూశావా? ఒంగోలోళ్లు, నెల్లూరోళ్లు, మొన్న విశాఖపట్నం నుంచి కూడా వచ్చారు. ఇంతమంది మన ఒడ్డుకొస్తారా? ఎవరో ఒకరు వాణ్ని చూసుంటారు. వాడే రావచ్చు. నా గొంతు వాడికి తెలవదా?" అన్నాడు.

ఆ మాట ఎంతో సంబరంగా చెప్పాడు. ఇన్నాళ్లూ దాచుకున్న ఉపాయం మాకు చెప్పినట్టు చెప్పాడు. అమ్మ తలొంచుకుంది. అప్పుడు నేను ఊరుకోవాల్సింది. పదిహేడేళ్లు నాకు. పొద్దుటినుంచి ఆ పుట్టగొడుగుల పాటలు, ఆ పసుపు తలపాగా, ఆ చప్పట్లు, అన్నీ కలిసి గొంతులోకొచ్చాయి.

"అన్నకి ఇంటికి దారి తెలీదా నాన్నా?" అన్నాను. "బతికున్నోడు ఇంటికొస్తాడు గానీ, టిక్కెట్టు కొనుక్కుని ఈ పార్కుకొస్తాడా?"

నాన్న కొట్టలేదు, తిట్టలేదు. ఆయన చేతిలో ఇడ్లీ ముక్క ఉంది. దాన్ని విస్తరాకులో పెట్టి, ఆకు మడిచాడు.

"తెలుసమ్మా. వాడికి దారి తెలుసు" అన్నాడు.

మళ్లీ గంట కొట్టారు. తలపాగా సర్దుకుని వెళ్లాడు. మేమూ వెనకే వెళ్లి గుంపులో నిలబడ్డాం.

ఆరుగురూ తాడెత్తారు. మిగతా ఐదుగురూ నాన్న పాట ఎత్తడం కోసం చూస్తున్నారు. నాన్న కాలు తన్నిపెట్టి బరువు వేశాడు. పాట ఎత్తలేదు. ఇంకోసారి బరువు వేశాడు. ఎత్తలేదు. అందరిలో పెద్దాయన ఒకసారి నాన్న మొహంలోకి చూసి, తన తలపాగా తీసి కింద పెట్టాడు. అది చూసి మిగతా నలుగురూ తీసేశారు. ఆరుగురూ నోరు మెదపకుండా లాగడం మొదలుపెట్టారు.

"మైకు పోయిందిరోయ్" అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఈలలు వేశారు. మేనేజరు పరిగెత్తుకొచ్చి, "ఏంటయ్యా ఇది? పాడండయ్యా, జనం చూస్తున్నారు" అని గట్టు చుట్టూ తిరిగాడు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. మామూలుగా రెండు గజాలు లాగి వదిలే బస్తాల్ని ఆ రోజు మొత్తం లాగారు. సిమెంటు మీద రాసుకుంటూ అవి గట్టుదాకా వచ్చాయి. నాన్న వంగి బస్తాల మీద చెయ్యి వేసి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ఇదేం పాటరా, బాగోలేదు పదండి అనుకుంటూ జనం నీళ్లు ఎగిరే చోటికి వెళ్లిపోయారు. అమ్మ నా ముంజేయి పట్టుకుంది. గాజులు గుచ్చుకుని నాకు రక్తం వచ్చింది. ఆ సంగతి రైలెక్కాక చూసుకున్నాను.

ముగ్గురం కలిసి రేపల్లె వచ్చాం. దినం చేశారు. నాన్న చెప్పినవన్నీ చేశాడు. గుండు చేయించుకోమంటే చేయించుకున్నాడు, పిండం పెట్టమంటే పెట్టాడు. ఎవరితోనూ వాదించలేదు. అమ్మ కోరిక తీరిందని, ఇక ఇల్లు కుదుటపడుతుందని నేననుకున్నాను. నా నోటిదురుసు వల్ల ఒక మంచిపని జరిగిందని మనసులో సర్దిచెప్పుకున్నాను కూడా.

చుట్టాలు వెళ్లిపోయాక పెరట్లో అమ్మ, నేను గిన్నెలు తోముతున్నాం. అమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ మాట ఎందుకన్నావే?"

నాకు మండిపోయింది. "నువ్వేగా అమ్మా, ఏడాది నుంచి దినం దినం అని పోరు పెట్టింది?"

"పెడతాను. నేనెంత పోరు పెట్టినా ఆయన కాదంటాడని ధైర్యం. వాడు లేడని నేనంటే, ఉన్నాడని ఆయన అనేవోడు. ఇద్దరం లేడనుకుంటే ఇంకెవరే వాడికి?"

 అమ్మ గిన్నెలు కడిగి బోర్లించి లోపలికి వెళ్లింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో అన్న గురించి పోట్లాట జరగలేదు.