బ్లజెనా అక్క నీలం గుమ్మం

మా తోటికోడలు బ్లజెనా అక్క గురించి చెప్పమంటే నేను తిట్లతోనే మొదలుపెడతాను. నలభై ఒక్క ఏళ్ళుగా ఒకే ఇంట్లో రెండు వాటాల్లో కాపురం. మా ఆయనతో కన్నా ఆవిడతోనే ఎక్కువ పోట్లాడాను. ఆవిడకి ముక్కుమీద కోపం. నా నోటికా, గడియే లేదు.

ఏటా జూన్‌లో చర్చి నుంచి సత్ప్రసాద పండుగ ఊరేగింపు మా వీధిలోకి వచ్చేలోపు, ఇంటి ముందు కమాను గుమ్మానికి నేను సున్నం కొట్టాలి, దానిమీద ఆవిడ నీలంతో పూలు వేయాలి. కిందటేటి పూలు ఎంత బాగున్నా సున్నం కింద పోవలసిందే. మా మొరావియా పల్లెల్లో అంతే. ముందుగా గీత గీసుకోకూడదు, అచ్చులు వాడకూడదు. అక్క పొద్దున్నే తోటలోకి వెళ్ళి ద్రాక్ష చివుళ్ళనీ పియోనీ మొగ్గలనీ కాసేపు చూసి వస్తుంది. వెన్న తీసిన పాలలో నీలం కలుపుకుని, కమాను నడినెత్తిన ఒక పువ్వు వేసి, అక్కడినుంచి రెండు పక్కలా తీగ దింపుతుంది. ఎడమ పక్క ఎంతో కుడి పక్కా అంతే. అనుమానంతో కొలిచి చూసినవాళ్ళున్నారు.

"అక్కా, ఒక్క ఆకు నన్ను వేయనీ" అని కొత్త కోడలిగా ఉన్నప్పుడు అడిగాను.

"నీ చెయ్యి సున్నం కుంచెకే పుట్టిందే అపొలెనా" అంది. మళ్ళీ అడిగితే ఒట్టు.

ఈ ఏడు సోమవారమే సున్నం కొట్టేశాను. మంగళవారం అక్క కుంచె పట్టలేదు. "ఇంకా ఆరలేదు" అంది. బుధవారం పొద్దున చూద్దును కదా, గుమ్మం మళ్ళీ తడితడిగా ఉంది. మెట్టు మీద నీలపు చుక్కలు. నేను కొట్టిన సున్నం మీద ఇంకో పూత! ఒళ్ళు మండి వంటింట్లోకి దూసుకెళ్ళాను.

అక్క కుర్చీలో కూర్చుని కుడిచెయ్యి చూపించింది. వేళ్ళు వణుకుతున్నాయి.

"తెల్లారగానే వేసి చూశానే. తీగ వేస్తే వానపాములా వచ్చింది. సున్నం కొట్టి చెరిపేశా. ఈ ఏడాదికి తెల్లగానే వదిలెయ్."

తెల్ల గుమ్మం! చావు జరిగిన ఇంటికే మా ఊళ్ళో ఏడాదిపాటు గుమ్మం తెల్లగా వదులుతారు. భయం వేస్తే నాకు కోపమే వస్తుంది.

"ఎవరు పోయారని? గుండ్రాయిలా కూర్చుని కాఫీ తాగుతున్నావుగా!"

"అరవకే, ఎదురింటి హెద్వికా వింటుంది."

"విననీ! ఆవిడనే పిలుస్తా, వచ్చి వేస్తుంది."

"నా గుమ్మం మీద హెద్వికా చెయ్యి పడితే నేను నిజంగానే పోతా."

ఇక నేనే కుంచె తీసుకున్నాను. మధ్యాహ్నానికి సున్నం ఆరింది. నిచ్చెనెక్కి మొదటి పువ్వు వేశాను. కిటికీలోంచి అక్క గొంతు వినిపించింది.

"అది పువ్వా, క్యాబేజీయా?"

"అంత తెలిస్తే బయటికొచ్చి చెప్పు!"

వచ్చింది. కుర్చీ కూడా తెచ్చుకుంది. ఇక సాయంత్రం దాకా ఒకటే వాయింపు. "కుంచె అలా పట్టుకుంటారటే, చీపురనుకున్నావా? మణికట్టు వదులు చెయ్యి. ఊపిరి బిగపట్టకు. ఆ ఆకు పోతే పోయిందిలే, పక్కన ఇంకోటి వెయ్." అంతా అయ్యాక లెక్కపెట్టింది. ఎడమ పక్క ఏడు ఆకులు, కుడి పక్క తొమ్మిది. మూడు రోజులుగా మూతి బిగించుకున్న అక్క అప్పుడు నవ్వింది. నవ్వీ నవ్వీ నీలం గిన్నె తన్నేసింది.

గురువారం ఊరేగింపు వచ్చింది. ఆడపిల్లలు పియోనీ రేకులు చల్లుతూ వెళ్తున్నారు. హెద్వికా మా గుమ్మం ముందు టక్కున ఆగింది.

"అయ్యో బ్లజెనా, నీ చెయ్యి ఇంత దిగజారిపోయిందేమమ్మా?"

ఊరంతా ఇటే చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. నేనే వేశానని చెబుదామంటే, ఎందుకు వేశావని అడుగుతారు. అక్క చెయ్యి సంగతి బయటపడుతుంది. నా నోటికి మొదటిసారి గడియ వేశాను.

అక్క వణికే ఆ చేతినే అందరూ చూస్తుండగా ఎత్తి నా భుజం మీద వేసింది.

"నా చెయ్యి కాదే, దీని చెయ్యి. మా అపొలెనా వేసింది. నాకిక కుదరదు, చూస్తున్నావుగా. దీనికి మొదటిసారికే ఇంత వచ్చింది. నువ్వు మొదటిసారి వేసినప్పుడు మీ మేక బెదిరి పారిపోలేదూ?"

జనం గొల్లుమన్నారు. ఫాదరుగారు కూడా నవ్వు ఆపుకోలేక దగ్గారు.

ఊరేగింపు మలుపు తిరిగాక అక్క అంది: "రేపు పెందలాడే లే. వంతెన దగ్గర పెళ్ళివారి గుమ్మం ఒప్పుకున్నా. సున్నం నేను కొడతా, నీలం నువ్వు వెయ్యి."

"నీకు సున్నం కొట్టడం ఏం వచ్చు? నిన్నటిదంతా చారలు చారలు!"

"అయితే నేర్పవే" అంది అక్క.

నలభై ఒక్క ఏళ్ళలో ఆవిడ నోట ఆ మాట నేను వినలేదు. పొయ్యిలో రొట్టెలు మాడిపోతున్నాయంటూ లోపలికి పరుగెత్తాను. ఆ రోజు అసలు పొయ్యే వెలిగించలేదు.