ఆ నలభై సెకన్లు

మా సార్ పోయారని మొన్న మంగళవారం పొద్దున ఫోనొచ్చింది. పొయ్యి మీద కుక్కరుంది. అదెన్ని కూతలు కూసిందో తెలియదు, అన్నం మాడిన వాసన వచ్చాక గానీ నేను కదల్లేదు.

మేడ్చల్‌లో టచ్‌స్క్రీన్ కంట్రోల్ పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీలో ఆయన సర్వీసు పనులు చూసేవారు. ఏడేళ్ళ కిందట నా మొదటి ఉద్యోగం అక్కడే. మాది కోస్తా నుంచి వచ్చి నాగారంలో ఇల్లు కట్టుకున్న కుటుంబం. నేను మాటకొక 'అండి' తగిలిస్తుంటే, "నీ అండీలన్నీ ఒక డబ్బాల ఎయ్యి బిడ్డా, సాయంత్రం తీస్కపోదువు" అని ఏడిపించేవారు. నాకేమో ముక్కు మీద కోపం. విప్పిన స్క్రూలను ఆయన తన టిఫిన్ మూతలో వేసుకునేవారు. అన్నం తినేముందు ఒక్కొక్కటీ ఏరుతూ, పెట్టెలో ఉండాల్సింది కడుపులోకి పోతే పెట్టెకీ కడుపుకీ కష్టమే అనేవారు.

స్విచ్ వేయగానే తెర మీద కనిపించే బొమ్మ తయారుచేయడం నా పని. లోపలి ప్రోగ్రాము లేవడానికి నలభై సెకన్లు పట్టేది. అంతసేపూ ఆ బొమ్మే ఉండాలి. శామీర్‌పేట అవతలి పాలకేంద్రం యజమాని తమ ఇలవేల్పు అమ్మవారిని పెట్టమన్నాడు. పదహారు రంగులే పట్టే తెర. అమ్మవారి మొహం ఆకుపచ్చగా వచ్చింది. నాలుగు రోజులు కుస్తీ పట్టి పసుపు రంగు తెప్పించాను. సార్ మస్తుందని మెచ్చుకుని, బొమ్మ ఖాయం చేసే కాగితం మీద సంతకం పెట్టారు.

పది రోజులకే గొడవ. ఎవరూ ముట్టకుండానే పాలు చల్లబరిచే మిషను ఆగిపోయి ట్యాంకు పాలన్నీ విరిగాయట. ఇద్దరం సార్ స్కూటర్ మీద పరుగెత్తాం. యజమాని నన్ను తీసెయ్యమని అప్పటికే మా ఓనరుకు ఫోన్ చేశాడు. మిషను నడిపే అక్కను రేపట్నుంచి రావద్దన్నాడు.

సార్ తెర విప్పారు. అంచు సందు నిండా కుంకుమ. పొద్దున్నే అమ్మవారు కనిపిస్తుంటే ఆ అక్క రోజూ బొట్టు పెట్టి దండం పెట్టుకునేదట. రాలిన కుంకుమ పై పొర కిందికి దిగి, ఎవరో వేలితో ఆపే బటన్ నొక్కుతున్నట్టే తెరను నమ్మించింది. నేను ఆమె మీద విరుచుకుపడబోయాను. సార్ చెయ్యి అడ్డం పెట్టి యజమాని వైపు తిరిగారు.

"అమ్మవారిని సూపెట్టి మొక్కొద్దంటె ఎట్ల? సంతకం వెట్టింది నేను, తప్పు నాది. గీ ఇద్దర్ని ఏమనకుండ్రి."

వారంలో బాగుచెయ్యకపోతే పెట్టెతో పాటు నన్నూ ఆ అక్కనూ ఇంటికి పంపిస్తానన్నాడా యజమాని. నేను బొమ్మ పీకేసి నల్లతెర ఉంచాను. పాపం ఆ అక్క మిషను చచ్చిందనుకుని స్విచ్ ఆపడం, వేయడం, మళ్ళీ ఆపడం. నలభై సెకన్లు ఎన్నడూ పూర్తి కానివ్వలేదు. ఇంగ్లీషులో 'ప్లీజ్ వెయిట్' అని రాస్తానన్నాను.

"ఆమె చదువుతదా? తలుపు కొడితె లోపల్నించి ఏమంటం బిడ్డా? గదే రాయి," అన్నారు సార్.

ఆ పెట్టెలో తెలుగు అక్షరాలు లేవు. ఆయనే నా స్కెచ్ పెన్ను తీసుకుని తెల్లకాగితం మీద వంకరటింకరగా రాశారు: 'జర ఆగుండ్రి, వస్తున్న'. దాన్ని స్కాన్ చేసి బొమ్మగా ఎక్కించాను. మర్నాడు ఆ అక్క కూడబలుక్కుని చదివి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చేతులు కట్టుకుని నలభై సెకన్లూ నిలబడింది. మా ఉద్యోగాలు నిలిచాయి. ఆ రోజు సార్ అలా అడ్డు నిలబడకపోతే ఈ పనికో దండమని ఇంట్లో కూర్చునేదాన్ని. ఈ మాట ఆయనకు ఒక్కసారైనా చెప్పలేదు, నా మొండితనం మండ!

దహనం అయ్యాక తిరిగివస్తూ పాలకేంద్రం దగ్గర ఆగాను. అదే పెట్టె, అదే అక్క. పాలబండి వెళ్ళిపోయింది, ట్యాంకు ఖాళీగా ఉంది. సార్ పోయారని చెప్పాను. ఆమె వెళ్ళి స్విచ్ ఆపి, మళ్ళీ వేసింది. తెర మీద సార్ వంకర అక్షరాలు వచ్చాయి. ఇద్దరం చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాం. నలభై సెకన్లయ్యాక అక్షరాలు పోయి బటన్లు వచ్చాయి.

ఆమె మళ్ళీ స్విచ్ ఆపి, వేసింది.