పై మలుపు దాకా

మా వేడినీళ్ల సత్రంలో పనిచేసే కినుయెకి నవ్వడం రాదు. అతిథులకి భోజనం పెట్టినా, పరుపులు పరిచినా, ఆమె ముఖం ముల్లంగి ఊరగాయ మీద బరువు పెట్టే రాయిలాగే ఉంటుంది. భర్త పోయినప్పుడూ అంతేనట. కంటతడి పెట్టలేదని అత్తవారు బయటికి గెంటారు. అప్పటినుంచి సత్రం వెనక గదే ఆమె ఇల్లు.

యజమానురాలు హత్సుకో గారు ఒకసారి అద్దం ముందు కూర్చోబెట్టి మరీ నవ్వు నేర్పబోయారు. కినుయె పళ్లు బయటపెట్టింది.

"వద్దులే తల్లీ, పిల్లలు జడుసుకుంటారు," అన్నాను.

"నీ చారు తాగితే ఎవరి ముఖమైనా ఇలాగే అవుతుంది," అంది.

అక్కడ వంటవాణ్ణి నేనే. ఒళ్లు మండింది.

ఆకులు ఎర్రబడే రోజుల్లో ఒసాకా నుంచి వచ్చిన ఒకావిడ, పనిమనిషి తనని చూసి ముఖం మాడ్చుకుందని ఫిర్యాదు చేసింది. హత్సుకో గారు కినుయెని పిలిచారు.

"నెలాఖరుకి వేరే చోటు చూసుకో."

"సరే అమ్మగారూ," అంది కినుయె. బాధపడిందో లేదో ఆ ముఖంలో తెలియలేదు. నాకు మాత్రం బాధేసింది.

మర్నాడు పొద్దున అతిథుల బస్సు బయలుదేరింది. అది మలుపు తిరిగేదాకా మేమంతా వాకిట్లో అతిథులకి మర్యాదగా నడుం వంచి నిలబడాలి. ఎప్పుడూ తన కారులోనే వెళ్లే హత్సుకో గారు, కాలు బెణికి ఆస్పత్రికని ఆ రోజు అదే బస్సెక్కారు. బస్సు కనుమరుగైంది. మేం నడుములెత్తాం. ఒకమ్మాయి ఒసాకావిడ నడక నడిచి చూపించింది. నేను సిగరెట్ ముట్టించాను.

ఆ దారి కొండ చుట్టి మళ్లీ మా నెత్తిమీదుగానే పోతుంది. మాలో ఎవరికీ ఆ సంగతి పట్టలేదు.

సాయంత్రం హత్సుకో గారు కుంటుకుంటూ వంటింట్లోకి వచ్చారు.

"సిగరెట్ బాగుందా?" అన్నారు నాతో. నేను తల దించుకున్నాను.

"కినుయె, వీళ్లంతా లేచాక కూడా నువ్వు వంగే ఉన్నావేం?"

"బస్సు పై మలుపులో మళ్లీ కనిపిస్తుంది కదండీ."

"రోజూ ఇంతేనా?"

"అంతేనండీ."

"నిన్ను పొమ్మన్నాక కూడానా? పైగా ఆ ఒసాకావిడకి?"

"అతిథే కదండీ."

"నువ్వెక్కడికీ వెళ్లొద్దు," అని, హత్సుకో గారు బెణికిన కాలితోనే ఆమె ముందు నడుం వంచారు. చాలాసేపు లేవలేదు.

"లేవండి అమ్మగారూ, కాలు నొప్పెడుతుంది," అని కినుయే పట్టుకుని లేపింది. ఆ ముఖం అలాగే ఉంది. కళ్లు తుడుచుకున్నది నేను.