తాయెత్తులోని పన్నెండు మాటలు

“గడ్డి ఏసినావా?” అన్నాడు మా ఆయన, వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ.

“యాటికి? ఫోన్లో ఉండేవాటికా?” అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఎద్దుల కొట్టం ఖాళీ అయి అప్పటికి నాలుగు నెలలు. ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ ఆయన నోట ఆ మాట వచ్చింది, నాలుగు నెలల కడుపుమంట కొద్దీ నా నోట ఈ మాట వచ్చింది. ఆయన నా వైపు ఒకసారి చూసి, పులివెందుల బస్సుకు వెళ్లిపోయాడు. ఆడ దిగి ప్రొద్దుటూరు బస్సు ఎక్కాడట. మధ్యాహ్నానికల్లా ప్రొద్దుటూరు బస్టాండులో కూలబడ్డాడని కబురు వచ్చింది. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

నాకు చదువు లేదు, సంతకం వరకు గీస్తాను. నేను చెబుతుంటే రాస్తున్నది మా మరిది కూతురు, ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతోంది. ఈ పొద్దు తన ఫోన్లో ఏదో చూస్తుంటే నడుమ ఒక ప్రకటన వచ్చి, బంగారు కొమ్ముల ఎద్దు ఒకటి దుమ్ము లేపుకుంటూ పరుగెత్తింది. “పెద్దమ్మా, పెదనాయన ఆడింది ఈ ఆటేనా?” అని అడిగింది. అది కాదు, దాని లాంటిదే ఇంకొకటి. కానీ ఆ ఎద్దును చూసేసరికి ఫోను పక్కన పెట్టించాను. కాగితం తెచ్చుకోమ్మా, చెబుతాను అన్నాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మా వేముల పక్క ఒకప్పుడు ఎద్దును కొనడమంటే ఎంత పని. పళ్లు పట్టి చూసేవారు, ఒంటి మీద సుళ్లు వెతికేవారు, నాలుగడుగులు నడిపించి గిట్ట ఎట్లా పడుతుందో చూసేవారు, చివరికి తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవారు, పక్కన నిలబడినవాడికి కూడా తెలిసేది కాదు. అమ్మిన ఎద్దు వెంట పలుపు ఇచ్చేవాళ్లం కాదు, మెడగంటలు ఇచ్చేవాళ్లం కాదు, ఇస్తే కొట్టంలోని కళ కూడా వాటి వెంట పోతుందని. తాయెత్తు ఒక్కటి మాత్రం విప్పేవాళ్లం కాదు, అది ఎద్దుకు కట్టిన రక్ష, మనది కాదు.

మా ఆయన బండలాగుడు పందేల మనిషి. చీనీతోట ఎండిపోతున్న ఏడు కూడా ఎద్దులకు ఉలవలు తగ్గించలేదు. ఆ జతలో కాడికి కుడి పక్క కట్టే వెలపటిది మహా పొగరుబోతు, ఆయనను, నన్ను తప్ప ఇంకొకరిని మెడ దగ్గరికి రానిచ్చేది కాదు. నా దగ్గర మాత్రం పసిబిడ్డలాగా కొంగు నములుతూ నిలబడేది.

మా మరిదికి ప్రొద్దుటూరులో ఫోన్ల అంగడి ఉండేది. ఆ ఆటను మా ఇంటికి తెచ్చింది అతనే. నేను అర్థం చేసుకున్నంత వరకు చెబుతాను. ఫోన్లో ఎద్దుల పందెం నడుస్తుంది. ఎద్దును కొనాలంటే మన రూపాయలు చెల్లవు, వాటిని మార్చి క్రిప్టో అనే వాళ్ల నాణెం తీసుకోవాలి. కొన్న ఎద్దు నీదే అని భూమికి పట్టా ఇచ్చినట్టు ఎన్.ఎఫ్.టి. అని ఒకటి ఇస్తారు. ఎద్దు గెలిస్తే నాణేలు వస్తాయి, ఎద్దునే ఇంకొకరికి అమ్ముకోవచ్చు.

“మేత అడగదు, పేడ ఎయ్యదు వదినా,” అన్నాడు మరిది.

“పేడ ఎయ్యంది ఎద్దేందప్పా, బొమ్మ గాక!” అన్నాను.

మా ఆయన మా మాటలు వినడం లేదు. ఆ బొమ్మను పెద్దది చేయించి, నుదుటి మీద సుడి కోసం వెతుకుతున్నాడు. “సూడు, రాజసుడి ఉండాది!” అన్నాడు. ఎవరో కంప్యూటరులో గీసిన గీత అది. ఆయనకు మాత్రం సుడి అబద్ధం చెప్పదు.

ఫోన్లో ఎద్దును కొన్న రోజు మరిది పన్నెండు ఇంగ్లీషు మాటలు ఒక కాగితం మీద రాసి ఇచ్చాడు. ఫోను పోతే ఈ మాటలు చెబితేనే ఎద్దులు మళ్లీ నీ చేతికి వస్తాయని, అన్నదమ్ములమైనా తన దగ్గర కూడా నకలు ఉండకూడదని, ఎవరి చెయ్యీ పడని చోట దాచమని చెప్పాడు. ఎవరి చెయ్యీ పడని చోటు మా ఆయనకు ఒకటే తెలుసు. ఆ కాగితాన్ని చుట్టి రాగి తాయెత్తులో పెట్టించి వెలపటెద్దు మెడకు కట్టాడు. నేనే దాని తల పట్టుకున్నాను.

ఫోన్లో ఎద్దు కొన్నాళ్లు బాగానే గెలిచింది. పెద్ద పందేలకు జత కావాలన్నారు. కొట్టంలోని జతను పెద్దముడియం రైతుకు అమ్మి ఫోన్లో జతను కొన్నాడు. మూడు నెలల్లో అవే ఎద్దులను తెచ్చి కట్టేస్తానని నాకు మాట ఇచ్చాడు, ఇంకెవరికీ అమ్మవద్దని ఆ రైతు దగ్గర మాట తీసుకున్నాడు. అలవాటు ప్రకారం పలుపులు, గంటలు తెచ్చుకున్నాడు, తాయెత్తు విప్పలేదు. ఫోను వేలు పెడితే తెరుచుకుంటోంది, ఎద్దు ఎట్లాగూ తిరిగి వచ్చేదే, ఇంక దిగులు దేనికని.

ఫోన్లోని జత ధర అనుకున్నంత పెరిగిన వారంలోనే ఆ ఫోను తోటలో నీళ్లతొట్టిలో పడింది. కొత్త ఫోను పన్నెండు మాటలు అడిగింది. ఆ మాటలు తాయెత్తులోనే ఉండిపోయాయని నాకు చెప్పకుండా, జమ్మలమడుగులో పనుందని చెప్పి వెళ్లాడు. తిరిగి వచ్చి అన్నం ముందు ఊరికే కూర్చున్నాడు. ఆటలో ఓడిపోయాడనుకున్నాను. మరుసటి పొద్దున ఆయన గడ్డి మాట అడిగాడు, నేను ఆ మాట అన్నాను.

అసలు సంగతి మూడోరోజు పరామర్శకు వచ్చిన పెద్దముడియం రైతు వాకిట్లో నిలబడి చెప్పాడు. “పందెంలో వెలపటిదాని కాలు ఇరిగిపాయమ్మా. లేయలేకపాయ. కసాయి కోతకు పోయే లారీకి ఎక్కిచ్చినా, నన్నేం జెయ్యమంటావు? మామ పొయ్యే ముందురోజు మా ఊరికి వచ్చి మొదట తాయెత్తు యాడప్పా అనే అడిగినాడు. ఎద్దు లేదని చెప్తే ఇంగ తాయెత్తు మాటే ఎత్తల్యా. ఎక్కేటప్పుడు అరిసిందా అని అడిగినాడు.”

అరిచిందా అని నేనూ అడిగాను.

తర్వాత కొన్ని వారాలకే ఆ ఆటలో ఎద్దులన్నీ విలువ లేకుండా పోయాయట, మరిది అంగడి కూడా మూతపడింది. ఆ మాటలు దొరికినా ఏమీ మిగిలేది కాదు వదినా అని ఎవరితోనో చెప్పి పంపాడు. అది ఓదార్పు ఎట్లా అవుతుందో నాకు తెలియదు. డబ్బు ముందే ఆటలో పోయి ఉంటే తిట్టుకుని, ఏడ్చి, కూలికి పోయైనా బతికేవాళ్లం.

మా కాలంలో కూడా మోసాలు జరిగాయి, కుంటి ఎద్దును మంచిదని అంటగట్టినవాళ్లు ఉన్నారు. అయితే వాడి ఊరు తెలిసేది, వాడి వాకిట్లోకి పోయి దుమ్మెత్తి పోసి వచ్చేదాన్ని. పెద్దముడియం రైతు తప్పు చేశానని నడిచి వచ్చి నా ముందు నిలబడ్డాడు, నేను మంచినీళ్లు ఇచ్చాను. ఆ బొమ్మకు సుడి గీసినవాడు ఎక్కడ ఉంటాడో, నా మొగుడు పోయాడని వాడికి ఎవరు చెబుతారో. మరిది అయితే ఈ రెండేళ్లలో ఒక్కసారి కూడా ఈ గడప తొక్కలేదు. వస్తే తిడతాను. తిట్టి అన్నం పెడతాను.

చాలమ్మా, ఇక్కడికి ఆపు. మీ నాయన మాట వచ్చినప్పుడల్లా నీ చెయ్యి ఆగడం చూశాను. నేను చెప్పినట్టే రాశావో, సర్ది రాశావో నాకు అక్షరం తెలియదు. ఏదీ, మొదటి నుంచి చదువు తల్లీ, గట్టిగా చదువు. మీ నాయన మాట కాడికొచ్చినప్పుడు దాటెయ్యొద్దు.