టేపు విన్నది నేనొక్కణ్నే

నర్సింగులో పై చదువు చదువుతున్న మా అమ్మాయి మొన్న చెవుల్లో తీగలు పెట్టుకుని ఎవరివో మాటలు వింటూ రాసుకుంటోంది. చెప్పేవాళ్ళు మధ్యలో ఆగితే ఎంతసేపు ఆగారో కూడా రాయాలట. "నువ్వూ ఒకటి రాసిపెట్టు నాన్నా" అంది. నా వల్ల కాదని లేచిపోయాను. ఎందుకు లేచిపోయానో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఎనభైల మొదట్లో, ఒరిస్సాలోని రాయగడ ఇంకా కోరాపుట్ జిల్లాలో ఉన్న రోజుల్లో, మా మేనత్త అక్కడ ఒక నర్సింగ్ స్కూల్లో ట్యూటరు. వార్డులో నర్సింగు పిల్లలు నిజంగా ఏం నేర్చుకుంటున్నారన్నది ఆమె పరిశోధన. పట్టికలు, లెక్కలు కాదు, వాళ్ళ నోటి మాటే కావాలనేది. తన ఎదుట నోరు విప్పరని తెలుసు కనుక, ఒక్కో అమ్మాయిని గదిలో కూర్చోబెట్టి, రికార్డరు మీట నొక్కి, తాను వరండాలో పెసలు ఏరుకుంటూ కూర్చునేది. గొంతు గుర్తుపడతానని టేపు కూడా వినేది కాదు. విని, పేర్లు తీసేసి కాగితం మీద పెట్టడం డిగ్రీ తప్పి ఖాళీగా ఉన్న నా పని. ఉన్నవి నాలుగే క్యాసెట్లు. ఒకటి రాయడం అయిపోగానే దాని మీదే తర్వాతి అమ్మాయి మాటలు ఎక్కేవి. "సెప్పింది సెప్పినట్టు రాయరా. దగ్గితే దగ్గిందని రాయి. బాగుసెయ్యడానికి నువ్వేటి పెద్ద పంతులువా?" అనేది. నేను బాగుచేశాను. యాస దిద్దాను, ఏడుపులు తీసేశాను. నా ముత్యాల్లాంటి దస్తూరీ చూసి అత్త మురిసిపోయేది.

పద్మపూర్ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి టేపు చాలా పొడుగు. సగం ఏడుపే. ముందురోజు ఒక బాలింతకు రక్తం ఆగడం లేదని వార్డు సిస్టరుకు చెప్పిందట. "రెండుసార్లు పిలిసేనండి. పెద్ద సిస్టరమ్మ తనిఖీకొత్తంది, ముందు దుప్పట్ల మూలలు సరిసెయ్యి అన్నారు. సరిసేసి వచ్చేతలికి సచ్చిపోనాదండి." అత్త అడిగింది చదువు గురించి కదా, ఈ చావు గొడవ ఎందుకనుకున్నాను. 'వార్డులో పని ఎక్కువ' అని ఒక్క వాక్యం రాసి క్యాసెట్టు తిరిగిచ్చేశాను.

పది రోజులకు ఆ చావు మీద విచారణ. ఆ పిల్ల తనకేమీ చెప్పలేదంది వార్డు సిస్టరు. "సెప్పేనండి. మర్నాడే మేడమ్ గారి మిసన్లో కూడా సెప్పేను" అందట ఆ పిల్ల. అత్త ఆదరాబాదరా ఇంటికొచ్చింది. క్యాసెట్టు మీద అప్పటికే మరో గొంతు ఉంది. కాగితాలన్నీ తిరగేసి నా వైపు చూసింది.

"ఒరే, ఆ అమ్మి రక్తం సంగతేటైనా సెప్పిందేట్రా?"

ఒకటి వదిలేశానంటే అన్నీ అలాగే రాశానని తేలుతుంది. ఆమె రెండేళ్ళ శ్రమ నా చేతిలో పాడైందని తెలుస్తుంది.

"లేదత్తా, ఉన్నదంతా రాసేను."

"అయితే బయానికి అబద్ధమాడీసుంటాది, పాపం" అంది. విచారణలోనూ తన దగ్గర అలాంటి మాటేదీ లేదని చెప్పింది. మర్నాడు ఆ పిల్ల రేకుపెట్టె మోసుకుంటూ వెళ్ళి గుణుపురం బస్సెక్కింది.

ఆ పరిశోధనకు అత్తకు పట్టా వచ్చింది. నేను చెప్పకుండానే ఆమె పోయింది కూడా. ఇప్పుడు రాస్తున్నాను: ఆ అమ్మాయి చెప్పింది. రెండుసార్లు పిలిచింది. నేను విన్నాను. ఆ పూట అత్త అడిగినప్పుడు 'అవును' అన్న ఒక్క మాట సరిపోయేది. ఇన్నేళ్ళకు దాన్ని ఎంత పొడుగున రాసినా, అది ఆ పూటలోకి వెళ్ళదు.