దాలమ్మ గుప్పెడు

శ్రీకూర్మంలో మా వీధికి ఎండుచేపలు తెచ్చే దాలమ్మ తక్కెడ పట్టదు. నెత్తళ్ళు గుప్పెళ్ళ లెక్కనే అమ్ముతుంది. బేరమాడితే నాలుగు తిట్లు కొసరు వేస్తుంది.

రొమ్ము కేన్సరుకు ఆపరేషనయ్యి, మందులెక్కించుకుని, రేడియేషన్ కరెంటు పెట్టించుకుని, ఏడాదికి మళ్ళీ గంప ఎత్తింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు కుడిచెయ్యి వాచింది. వాచిన చేతి గుప్పెడు పెద్దది కదా! పైగా వేళ్ళు ఒకోసారి భగ్గున మండుతాయి, ఒకోసారి మొద్దుబారిపోతాయి. పిడికిట్లో ఎంత పట్టిందో ఆవిడకే తెలియదు. మా వీధికి పండగ వచ్చింది.

"సెయ్యి వాసినట్టుగున్నాది సూడే. రోగం తిరగబెట్టిందేటో?" అని అడిగేది.

"వాపేటప్పా, ఒళ్ళు సేసినావు" అన్నారు అందరూ. నేనూ అన్నాను. సిగ్గులేకుండా పెద్ద గిన్నె కూడా తీశాను. ఆవిడకీ ఆ మాటే కావాలి, మళ్ళీ ఆసుపత్రి గుమ్మం ఎక్కాలంటే అంత భయం.

మూడు నెలలు అలాగే తిన్నాం. ఓ రోజు నా గిన్నెలో నెత్తళ్ళ మీద రక్తం బొట్లు పడ్డాయి. చూద్దును కదా, ఎండు జెల్లచేప ముల్లు ఆవిడ చూపుడువేల్లో సగం దిగి ఉంది. ఆవిడ మాత్రం ఇంటి దగ్గరున్న కోడల్ని తిట్టడం ఆపలేదు. నామీద నాకే అసహ్యం వేసింది. ముల్లు పీకి, కట్టు కట్టి, గంప మా అరుగు మీద దింపించి ఆవిణ్ణి ఆటో ఎక్కించాను.

"చంకలో గ్రంథులు తీసేశారు కదా, నీరు దిగక వాచి ఉండొచ్చు" అంది డాక్టరమ్మ. "తిమ్మిరి, మంట ఆ మందుల వల్ల కావచ్చు, కరెంటుకు నరాలు దెబ్బతినీ కావచ్చు. రక్తం గడ్డకట్టినా, చీము పట్టినా, జబ్బు తిరిగొచ్చినా వాస్తుంది. అన్నీ చూడాలి."

పరీక్షల ఫలితం వచ్చేదాకా, వారం రోజులు, దాలమ్మ ఎవర్నీ తిట్టలేదు. వీధంతా బెంగపడింది.

జబ్బు తిరగబెట్టలేదు. చేతికి బిగుతు తొడుగు వేశారు, చెయ్యి ఆడించే పద్ధతులు నేర్పారు, ముళ్ళతో జాగ్రత్తన్నారు. తిమ్మిరి కొంత మిగిలినా వాపు బాగా తగ్గింది.

మొన్న వచ్చింది. నా గిన్నెలో మునుపటి చిన్న గుప్పెడే పడింది. అలవాటు ఎక్కడికి పోతుంది? "కొసరెయ్యప్పా" అన్నాను.

దాలమ్మ తొడుగేసిన చెయ్యి నడుం మీద పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"మూణ్ణెల్లు నా వాపే వొండుకు తిన్నావు గదే. ఇంకా కొసరేటే నీకు?"